వీపు మీద కుట్టు

నాకు కత్తెర పట్టడం నేర్పిన ఉస్తాద్ పెట్టిన నియమం ఒక్కటే. కోపంలో గుడ్డ కోయకూడదు. కోపమొస్తే కత్తెర బల్ల మీద పెట్టి బయటికి వెళ్లాలి, చాయ్ తాగాలి, తిరిగొచ్చి గుడ్డ మీద అరచేయి పరిచి చూసుకోవాలి. చేయి కదలకుండా ఉంటేనే కత్తెర తీయాలి. అప్పట్లో నాకది ముసలాయన చాదస్తంలా తోచింది. అమీర్‌పేటలో సొంతంగా దుకాణం పెట్టుకున్నాక అందులో ఉన్నది అర్థమైంది. కోపంగా ఉన్నప్పుడు కత్తెర సుద్దగీత దాటి లోపలికి పోతుంది. భయంగా ఉన్నప్పుడు గీత ముట్టుకోకుండా బయటే తిరుగుతుంది. దుఃఖంలో సరిగ్గానే పోతుంది గానీ మరీ నెమ్మదిగా పోతుంది. ఇవి ఎవరో చెప్పినవి కావు. పాడైన గుడ్డలు చెప్పినవి.

నేను బడికి పోయింది తక్కువ. మగ్గాల ఊరు మాది. మా ఇంట్లో చదువంటే తెగిన పోగు ఎక్కడుందో వేలితో వెతికి పట్టడమే. పట్నం వచ్చాక, కాగితపు నమూనాలు కోసుకోవడానికి పాత పత్రికలూ పెద్ద సైజు పుస్తకాలూ కొనేవాణ్ణి. కోసేముందు చదివేవాణ్ణి. అందుకే నా జ్ఞానానికి మధ్యమధ్య చేతి ఆకారంలో, కాలరు ఆకారంలో కంతలుంటాయి. ఒక్క పుస్తకాన్ని మాత్రం కోయడానికి మనసొప్పలేదు. మనిషి ఒళ్లు గురించి రాసినది, కండల బొమ్మలతో ఉన్నది. మోచేయి మడవాలంటే ముందరి కండ బిగియాలి, వెనక కండ సడలాలి అని అందులో ఉంది. ఒకటి లాగుతుంటే రెండోది వదలాలి. కత్తెరకు కూడా అంతే కదా అనుకున్నాను. మర మరీ బిగిస్తే రెండు రెక్కలూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి, గుడ్డ తెగదు.

పోయిన ఏడాది నా భార్య ఇంటి ముందు మెట్లు కడుగుతూ జారిపడింది. తొడ ఎముక విరిగింది. పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో రాడ్డు వేశారు. బాగానే వేశారు, అందులో నాకు పేచీ లేదు. ఎముక అతుక్కుందని డాక్టరు ఫోటో చూపించి మరీ చెప్పాక కూడా ఆమె నడవలేదు. నా పేచీ దానితో.

నడవలేదంటే మంచాన పడిందని కాదు. గోడ పట్టుకుని తిరిగేది. పడక గది నుంచి వంటింటి దాకా గోడ మీద, ఆమె భుజం ఎత్తున, అరచేయి రాసుకున్న నునుపు గీత ఒకటి ఏర్పడింది. గోడ అయిపోయిన చోట ఆమె కూడా అయిపోయేది. హాలు మధ్యలోంచి రావలసిన పనుంటే హాలు చుట్టూ వచ్చేది. నేను దుకాణం మానేసి, ఇంటి ముందు గదిలోనే మిషను పెట్టుకుని హాస్టలు పిల్లల ప్యాంట్లు పొట్టి చేస్తూ ఉంటాను గనక, ఈ ప్రయాణాలన్నీ నా కళ్ల ముందే జరిగేవి.

ఆసుపత్రిలో కసరత్తులు చేయించే అమ్మాయి ఉండేది. మా ఇద్దరికీ మనవరాలి వయసు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచింది.

"అంకుల్, ఆంటీ కాలు బాగుంది. భయం ఒక్కటే తగ్గలేదు."

నాకు ఒళ్లు మండింది. ఇంత పెద్ద మేడ కట్టి, ఇన్ని మిషన్లు పెట్టి, చివరికి చెప్పే రోగం పేరు భయమా?

"భయమంటే మనసుల ఉండాలె గదమ్మా. కాల్ల ఎందుకుంటది?"

"కాల్లోనే ఉంటుంది అంకుల్. చెయ్యి పెట్టి చూడండి."

నా చేయి తీసుకెళ్లి మా ఆవిడ తొడ మీద పెట్టి, ఆమెను ఒక అడుగు వేయమంది. ఆమె కాలు లేపకముందే, ఇంకా లేపాలనుకుంటున్నప్పుడే, చీర కింద కండ అంతా గుడ్డ తాను చుట్టినట్టు బిగిసిపోయింది. ముందరిదీ, వెనకదీ, రెండూ. ఒకటి లాగుతుంటే రెండోది వదల్లేదు. నా పుస్తకంలో బొమ్మ తప్పు కాదు గానీ, ఆ బొమ్మలో ఉన్న మనిషికి భయం లేదు. అదీ తేడా. నా కోపం అక్కడితో చల్లారింది. కత్తెర మర బిగిసిందని అర్థమైనవాడు కత్తెరను తిట్టడు.

"కాళ్ల వైపు చూడకండి ఆంటీ. ఎదురుగా ఏదైనా చూస్తూ నడవండి," అంది ఆ అమ్మాయి.

"కాళ్లు సూడకపోతే అవి యాడికి పోతయో నాకెట్ల తెలుస్తది బిడ్డా?" అంది మా ఆవిడ.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. ఆటో అవతలి వైపు ఉంది. దాటుదాం అన్నాను. పంజాగుట్టలో రోడ్డు దాటడం కాళ్లు బాగున్నవాళ్లకే ఒక పరీక్ష. ఆమె మోచేయి గట్టిగా పట్టుకుని బయలుదేరాను. సగం దూరం వచ్చాక కారువాడొకడు హారను మోగించాడు. ఆమె ఆగిపోయింది. ఆగడమంటే మామూలుగా ఆగడం కాదు, మేకు కొట్టినట్టు. వాడు మళ్లీ మోగించాడు.

"కండ్లు కనవడ్తలేవారా నీకు?" అని అరిచాను.

అతను అద్దం దించి, "నడువరాకుంటే ఎత్తుకపో తాతా, గిట్ల రోడ్డు మీద నిలవెడ్తె ఎట్ల?" అన్నాడు.

నేను చాలా అన్నాను. ఏమన్నానో రాయను. అన్నంతసేపూ నా చేయి ఆమె మోచేతి మీదే ఉంది. అప్పుడామె నా వైపు చూడకుండా, రోడ్డు వైపే చూస్తూ చెప్పింది:

"నా చెయ్యి ఇడువయ్యా. నీ చెయ్యి అదురుతుంది. గదే నా కాళ్లకొస్తుంది."

వదిలాను. ఆమె తన కొంగు చివర తానే పిడికిట్లో పట్టుకుని, తన పాదాలు తానే చూసుకుంటూ, చీమ నడకన అవతలికి చేరింది. కారువాడు అప్పటికి హారను మానేశాడు. ఆటో ఎక్కాం. నా చేయి మోకాలి మీద పెట్టి చూసుకున్నాను. ఇంకా అదురుతోంది. ఆ చేత్తో నేను గుడ్డ కోసేవాణ్ణి కాదు. మనిషిని మాత్రం పట్టుకుని నడిపించాను.

ఇంట్లో నేను కాక ఇంకో ఇద్దరున్నారు. మా వాడు లక్డీకాపూల్‌లో ఆఫీసుకు వెళ్తాడు. కోడలు కృష్ణా జిల్లా పిల్ల, ఇంట్లోంచే కంప్యూటరు మీద ఉద్యోగం చేస్తుంది. ఇద్దరూ మంచివాళ్లే. పొద్దున లేస్తే వాడు "అమ్మా, పైలం" అంటాడు. ఈమె "అత్తయ్య గారూ, జాగ్రత్త" అంటుంది. నేను మిషను దగ్గర కూర్చుని గమనించడం మొదలుపెట్టాను. ఆ మాట పడిన ప్రతిసారీ ఆమె అరచేయి గోడకు ఇంకాస్త అతుక్కునేది. మాట అన్నవాళ్లు తమ పని అయిపోయినట్టు వెళ్లిపోయేవాళ్లు. ఈమె ఉన్నచోటే నిలబడిపోయేది.

ఒకరోజు అన్నం దగ్గర చెప్పాను. "ఈ ఇంట్ల ఆ మాట బందు. పైలం లేదు, జాగ్రత్త లేదు."

"మరేమనాలె బాపు?"

"ఏమనొద్దు."

"పడ్డంక అనాలెనా?" అన్నాడు మా వాడు.

కోడలు నవ్వాపుకుంది. మా ఆవిడ ఆపుకోలేదు. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూసి నాకు చెప్పదలుచుకున్నది గుర్తు రాలేదు.

ఆషాఢం వచ్చింది. ఏటా బల్కంపేట ఎల్లమ్మకు మా ఇంటి నుంచి బోనం పోతుంది. మా వాడికి చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి, కళ్లు తెరవకుండా పడుకున్నప్పుడు ఆమె మొక్కిన మొక్కు అది. అన్నం వండిన కుండకు పసుపు పూసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి, నెత్తిన పెట్టుకుని గుడి దాకా నడవాలి. ఎన్నేళ్లు అనే లెక్క ఆ మొక్కులో లేదు. "కాళ్లాడినన్ని దినాలు మోస్త తల్లీ" అని మొక్కింది.

ఈ ఏడు కోడలు ఎత్తుకుంటుందనీ, అమ్మను ఆటోలో తీసుకుపోదామనీ మా వాడు తేల్చేశాడు. తప్పేం లేదు, అందరిళ్లలో అలాగే జరుగుతుంది. వాడు ఆఫీసుకు వెళ్లాక మా ఆవిడ వచ్చి నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుంది.

"కాళ్లాడినన్ని దినాలని మొక్కిన. ఇప్పుడు మోయకుంటే ఏమన్నట్టు? నా కాళ్లు ఇగ ఆడయని నేనే పోయి తల్లికి చెప్పొచ్చినట్టు. చెప్పినంక ఇగ అవెందుకాడ్తయ్?"

ఆమె అన్నదాంట్లో నాకు తప్పు కనిపించలేదు. ఒక్కసారి ఆ గోడ పక్కన స్థిరపడితే ఆమె ఇక గోడ మనిషే. ఆ సంగతి ఆమెకు డాక్టర్లకంటే ముందే తెలిసింది.

బోనాలు ఇంకా కొన్ని రోజులున్నాయనగా హాల్లో కోడలికి తరిఫీదు మొదలైంది. ఇత్తడి బిందెలో బియ్యం పోసి, చుట్టకుదురు పెట్టి నెత్తికెత్తారు. వాళ్ల వైపు బోనం ఎత్తే అలవాటు లేదు. పాపం ఆ పిల్ల రెండు చేతులతో బిందెను దొంగను పట్టుకున్నట్టు పట్టుకుని, తల వంచకుండా పాదాలు చూసుకోవాలని కళ్లు కిందికి తిప్పుకుంటూ, కొంగలా అడుగులు వేసింది.

"ఏందమ్మా ఆ నడుసుడు? మెడ ఎందుకు గట్టిగ పట్టినవ్?" అంది మా ఆవిడ స్టూలు మీంచి.

"పడిపోతుందేమోనని అత్తయ్య గారూ."

"పడ్తదనుకుంటేనే పడ్తది. కాళ్లు సూడకు. కాళ్లకు తెలుసు. ముందల నడిచేటోళ్ల వీపు సూడు."

"ముందు ఎవరూ లేరు కదండీ?"

"ఉన్నరనుకో."

ఇంకోసారి నడిచింది. ఇంకా కొంగలాగే ఉంది. మూడోసారి బిందె పక్కకు ఒరిగి గుప్పెడు బియ్యం నేల మీద పడ్డాయి. మా ఆవిడకు చిరాకెత్తింది. ఆ చిరాకు నాకు బాగా తెలుసు, నలభై ఏళ్లుగా కాజాలు సరిగా కుట్టలేదని నా మీద పడుతున్నదే.

"ఇటు తే. నీకు చెప్పుడు కంటే నేను చేసుడు నయం."

లేచింది. బిందె తీసుకుంది. నెత్తిన పెట్టుకుని, ఒక చేయి అలా ఆనించి, రెండో చేయి వదిలేసి, హాలు మధ్యలోంచి నడిచింది. "గిట్ల. నడుము కదలాలె, మెడ కదలొద్దు. సూసినవా? గిట్ల." గోడ ఎంతో దూరంలో ఉంది. వంటింటి గుమ్మం దాకా పోయి, తిరిగి, సగం దూరం వచ్చింది. పడకముందు ఎలా నడిచేదో అలాగే.

కోడలు నోరు తెరిచింది. "అత్తయ్య గారూ, జా..."

నేను చేయెత్తాను. ఆ పిల్ల ఆపేసింది కానీ సగం మాట అప్పటికే బయటికి వచ్చేసింది. ఆ సగం చాలు. మా ఆవిడ కిందికి చూసింది. గోడ ఎక్కడుందో చూసింది. తాను ఎక్కడుందో అప్పుడు తెలిసింది. చీర కింద తొడ బిగియడం నాకు ఇక్కడినుంచే కనిపించినట్టనిపించింది.

"దించుర్రి. జల్ది దించుర్రి."

దించాం. స్టూలు తెచ్చి కూర్చోబెట్టాం. ఆమె వగర్చింది, నుదుటి చెమట తుడుచుకుంది, కింద పడిన బియ్యం చూసింది. కాసేపటికి, "నేనే ఎత్తుకుంట," అంది.

సాయంత్రం మా వాడు రాగానే యుద్ధం. "మందిల ఎవ్వడన్న తాకితే? మల్ల ఆసుపత్రికి పోవాల్నా?" వాడు. "నడిచిన గదరా. అడుగు నీ పెండ్లాన్ని," ఈమె. "ఇంట్ల నడుసుడు వేరు." "యాడన్న అవే కాళ్లు." మధ్యలో కోడలు, "ఏవండీ, నిజంగానే నడిచారు, నేనే చెడగొట్టాను," అని. వాడు తలుపు గట్టిగా వేసుకుని లోపలికి పోయి, మళ్లీ బయటికొచ్చి, మళ్లీ మొదటినుంచీ. రెండు రోజులు ఇదే. నేను ముందు గదిలో మిషను తొక్కుతూనే ఉన్నాను. బోనాలకు ఏటా నేను ఒక అంగీ కుట్టుకుంటాను, తెల్లది; ఆ రెండు రోజులూ దాన్నే కుడుతున్నాను. మా వాడి మాటలకు ఒకసారి, ఆమె మాటలకు ఒకసారి నా పాదం మిషనును పరిగెత్తించేది. వాళ్లు ఊరుకుంటే మిషనూ ఊరుకునేది.

చివరికి వాడు ఒప్పుకున్నది అమ్మ మాటకు కాదు, అలసటకు. పక్కన తానుంటానన్నాడు. ఆమె ఒద్దంది. పక్కన కోడలుంటే చాలు, వేపమండా నీళ్ల చెంబూ పట్టుకుని. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు నా ముందల నడువు. పక్కన రాకు, నన్ను పట్టుకోకు. ఎనుకకు మర్రి సూడకు. సూసినవంటే నేను ఆడ్నే నిలవడిపోత, చెప్తున్న."

"పడితే?"

"పడ్తే సప్పుడైతది గద. అప్పుడు సూడు."

ఆదివారం పొద్దున బయలుదేరాం. డప్పులవాళ్లు అందరికంటే ముందు, వాళ్ల వెనక కొత్త అంగీలో నేను, నా వెనక ఆమె, ఆమె పక్కన కోడలు, అందరి వెనక మా వాడు. మా సందంతా కోర్సుల ఫ్లెక్సీలే. నెల రోజుల్లో ఇది నేర్పుతాం, పదిహేను రోజుల్లో అది నేర్పుతాం అని గోడలన్నీ అరుస్తుంటాయి. మామూలు రోజుల్లో వాటిని చూస్తేనే నాకు మంట. ఆ రోజు వాటిని కావాలని చదువుకుంటూ నడిచాను, మెడ వెనక్కి తిరగకుండా ఉండాలి కదా.

మెడ తిప్పకుండా ఉండడం ఎంత పనో నాకు అప్పటిదాకా తెలియదు. తిప్పొద్దు అనుకున్నకొద్దీ మెడ నరాలు కర్రల్లా అయ్యాయి. భుజాలు చెవుల దాకా వచ్చాయి. రోడ్డు మీద స్పీడు బ్రేకరు తగిలి నేనే తూలాను. కాళ్లు బాగున్నవాణ్ణి, ఎన్నడూ పడనివాణ్ణి. చేతులు వెనక్కి కట్టుకున్నాను. కొంత దూరం పోయాక తట్టింది, ఆ చేతులు ఆమె కళ్ల ముందే ఉన్నాయి, అదురుతున్నాయి. వెంటనే ముందుకు తెచ్చి కడుపు మీద కట్టుకున్నాను.

డప్పుల మోతలో అడుగుల చప్పుడు ఎలాగూ వినపడదు. ఆమె మాట కోసం విన్నాను. "నీళ్లు సల్లు తల్లీ, నా మొకం ఏం సూస్తవ్," అని కోడలిని అంటోంది. బాగుంది. తిడుతోందంటే నడుస్తోంది. "ఆ దీపం మీద గాలి కొడ్తుంది, జర అడ్డం రా." బాగుంది. తర్వాత మాట ఆగిపోయింది. మలుపు తిరిగాం, మాట లేదు. మంది ఎక్కువయ్యారు, మాట లేదు. బండివాడొకడు మందిలోంచి దారి చేసుకోవాలని హారను మీద బొటనవేలు పెట్టి వదల్లేదు. పంజాగుట్టలో వాడు, ఇక్కడ వీడు. నా గొంతు దాకా వచ్చింది. అరిస్తే నా ఒళ్లంతా అదురుతుంది, ఆ అదురు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. మింగాను. డప్పు దెబ్బకు ఒక అడుగు, దెబ్బకు ఒక అడుగు, అంతే చూసుకుంటూ పోయాను. వెనక సప్పుడు మాత్రం కాలేదు. పడిన సప్పుడు.

గుడి దగ్గర వరుసలో నిలబడ్డాక, "ఇగ మర్రు," అని వినపడింది. తిరిగాను. పసుపూ చెమటా కలిసి చెంపల మీంచి కారుతున్నాయి. దీపం వెలుగుతోంది. కోడలు ఏడుస్తోంది, ఎందుకో ఆ పిల్లకే తెలియనట్టుంది.

ఇక్కడితో ఆపితే కథ బాగుండేది. కానీ బోనం అప్పజెప్పి, నెత్తి ఖాళీ అయ్యాక, ఆమె ఇనుప కంచె పట్టుకుని నిలబడిపోయింది. ఒక్క అడుగు పడలేదు. వచ్చేటప్పుడు దారిచ్చిన జనమే ఇప్పుడు ఆమె చుట్టూ గోడైపోయారు. మా వాడు ఏమీ అనలేదు, మెచ్చుకోవాలి. ఎవరినో బతిమాలి ఆటో లోపలి దాకా తెప్పించాడు. ఇంటి ముందు దిగాం. ఎదురుగా మెట్లు. ఆమె జారిపడినవి.

మా వాడు ఒక చేయి చాపాడు, కోడలు ఒక చేయి. ఆమె రెండూ పట్టుకోలేదు. మెట్లనూ తన పాదాలనూ మార్చి మార్చి చూసింది. ఎదురింటివాళ్లు కిటికీలోంచి చూస్తున్నారు.

"నువ్వు ముందల ఎక్కు," అంది నాతో.

ఎక్కాను. పైన గుమ్మంలో, వీపు ఆమెకు పెట్టి నిలబడ్డాను. సందులో పిల్లలెవరో బ్యాగులు వేసుకుని పోతున్నారు.

"వీపు మీద కుట్టు వంకరపోయింది. సూసుకున్నవా?"

"యాడ?"

"భుజాల కింద. అడ్డం కుట్టు."

"నేను వంకర కుట్టుడా?"

"మరి నేను కుట్టిన్నా? కుడి దిక్కుకు పోంగ పోంగ కిందికి దిగింది." మాట దగ్గరైంది. "గుడి దాక అదే సూసుకుంట వచ్చిన. ఇప్పుడన్న సక్కగైతదా, ఇప్పుడన్న సక్కగైతదా అని." ఇంకాస్త దగ్గరైంది. "ఏడ కాలె. ఏం మనిషివి నువ్వు, ఇన్నేండ్లు మందికి కుట్టినవ్."

ఆమె ఊపిరి నా మెడకు తగిలింది. తర్వాత వేలు తగిలింది. ఎడమ భుజం కింద మొదలుపెట్టి, కుట్టు వెంబడే కుడివైపుకు నెమ్మదిగా జరిగింది. మధ్యలో ఒకచోట, ఆ రోజు మా వాడు తలుపు గట్టిగా వేసినప్పుడు కుట్టిన చోటై ఉంటుంది, వేలు కిందికి దిగింది. నేను కదల్లేదు. వేలు చివరిదాకా వచ్చి ఆగేదాకా వెనక్కి తిరగలేదు.